ఆరు చుక్కలు

అతని పేరు కాలమ్.
వాళ్ల పాత భాషలో పావురమని అర్థమట.
నేను మాత్రం తెలుగులోనే విని
నవ్వాపుకుంటూ రాసుకున్నాను
స్కోరు పుస్తకంలో మొదటిరోజు:
కాలమ్ స్ట్రాకన్, ఎడమచేతి స్పిన్.

అర్బ్రోత్‌లో మా మైదానం నుంచి సముద్రం కనపడదు,
వినపడుతుంది.
గాలి తిరిగితే రేవు పక్క సందుల్లోంచి
చేపలకు పొగబెట్టే వాసన.
తెల్లవారుజామున నాలుగింటికి అతనక్కడ
హాడాక్ చేపల్ని జంటలుగా తోకలు ముడేసి
కర్రలకు వేలాడదీస్తుంటాడు.
ఆ పురికొస ముడులే వేళ్లకు బంతి తిప్పడం నేర్పాయని
క్లబ్బులో అందరూ అంటారు.
అతను ఒప్పుకోడు.
"మా అమ్మమ్మ నేర్పింది, నారింజపండుతో."

వారమంతా మందుల షాపులో
నేను డాక్టర్ల కోడిగీతలు చదువుతాను.
శనివారం ఈ పుస్తకం.
పరుగు రాని బంతికి చుక్క పెట్టమన్నారు.
ఆరూ చుక్కలే అయితే కలిపెయ్యమన్నారు.
చుక్కలు కలపడం నాకొకరు నేర్పాలా!
పిండికి బదులు పెన్సిలు,
వాకిలికి బదులు వేలెడు గడి.
కాలమ్ బంతి అందుకున్న మధ్యాహ్నాలు
నా పేజీ అప్పుడే కళ్లాపి చల్లిన వీధి.

దేశం నుంచి పిలుపొచ్చేసరికి అతనికి ఇరవయ్యారు.
టోపీతో పాటు ఒక కాగితం ఇచ్చారు:
బూట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవలెను.
పెద్ద దేశాల వాళ్లు ఆడి ఆడి అలిసి సెలవు అడుగుతారు.
ఇతను ఆడడానికి సెలవు అడిగాడు,
దానికి బదులుగా ప్రతి క్రిస్మస్ వారమూ
పొగలో నిలబడ్డాడు.
విండ్‌హూక్, షార్జా, కౌలాలంపూర్.
పాస్‌పోర్టు నిండింది.
బ్యాంకు పుస్తకం అలాగే ఉంది.

ఎడిన్‌బరోలో ఒక జూన్ సాయంత్రం,
అవతల పేరు చెప్పనక్కర్లేని జట్టు.
ఆఖరి ఓవర్లో ఎనిమిది పరుగులు కావాలి వాళ్లకి.
నేను జనం మధ్య, ఒళ్లో నా సొంత నోటుబుక్కుతో.
చుక్క. చుక్క. రెండు. చుక్క.
ఒకటి.
ఆ తర్వాత వికెట్టు.
పక్కనున్న ముసలాయన ఎవరో నన్ను కావలించుకుని
సారీ చెప్పి, మళ్లీ కావలించుకున్నాడు.

మర్నాడు నాలుగింటికి కాలమ్ చేపల దగ్గరే ఉన్నాడు.
యజమాని బీటీ పేపరు తెచ్చి చూపించాడు:
"మొదటి పేజీలో పడ్డావురా.
రేపు నీలోనే చుట్టి అమ్ముతాం చేపలు."

ప్రపంచ కప్పు గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లాడు.
ఒకసారి వాన.
ఒకసారి దశాంశం తర్వాత మూడో అంకె.
ఒకసారి అతని అరచేతుల్లోంచే జారిన క్యాచ్.
దాని గురించి నేను అడగలేదు, అతను చెప్పలేదు.
కానీ ఓ సాయంత్రం, కుర్చీలు మడతపెడుతూ,
మా భాషలో ఒక మాటుందని చెప్పాను:
కాలం కలిసి రాలేదు అంటాం.
విడమరిచి చెప్పేసరికి చాలాసేపు నవ్వాడు.
నవ్వి,
"అంటే నాకు నేనే కలిసి రాలేదన్నమాట" అన్నాడు.
తర్వాత కుర్చీలన్నీ అతనొక్కడే మోశాడు.

ముప్పై ఎనిమిదో ఏట ఒక ఫోను. నిమిషం కూడా పట్టలేదు.
పన్నెండేళ్లు, యాభై ఏడు మ్యాచ్‌లు.
నాకు లెక్కలు వచ్చు గనక ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను,
దేశం కోసం అతనేసిన చుక్కలెన్నో.
ఆ సంఖ్య ఎవరికీ చెప్పలేదు,
అతనికి కూడా.

మొన్న శనివారం మా రెండో జట్టులో ఆడాడు.
అవతల క్రీజులో పద్నాలుగేళ్ల పిల్ల,
ముక్కు మీద మచ్చలు,
తలకంటే పెద్ద హెల్మెట్.
ఐదు చుక్కలు పెట్టాను.
ఆరోదానికి పెన్సిలు ఆనించి ఉంచాను కూడా.
ఆ పిల్ల రెండడుగులు ముందుకొచ్చింది.
బంతి గోడ దాటి, రోడ్డు దాటి,
ఎవరో ఆరేసిన దుప్పట్ల మధ్య పడింది.

టీ వేళ కాలమ్ వచ్చి నా భుజం మీంచి
కలవని చుక్కల వంక చూశాడు.
నేను నేర్పిన మాటే, తన యాసలో,
"మగ్గూ పాడైంది" అన్నాడు.
పాడు చేసిన పిల్ల పేరు సరిగ్గా రాయమన్నాడు.
వెళ్లి స్పెల్లింగ్ అడగమన్నాడు.

ఏలీ ఓగిల్వీ.
పలకని అక్షరాలు ఉన్నాయి ఆ పేరులో.
పెన్సిలు పక్కన పెట్టి
పెన్నుతో రాశాను.